ఎదురింటి మీదుగా మాల్దీవులకు

పదేళ్లకు పైగా ఒకే బడిలో లెక్కలు చెప్పాక, ఒక రోజు బోర్డు మీద వర్గ సమీకరణం రాస్తుంటే, ఏ బెంచీలో ఏ పిల్లాడు ఏ తప్పు చేస్తాడో నాకు ముందే తెలిసిపోతోందని గమనించాను. కోయిలకుంట్లలో మా ఆయనకు విత్తనాల కొట్టుంది. మూడో తరగతి చదివే పాప లాస్య ఉంది. ఇంటిని గుప్పిట్లో పెట్టుకున్న అత్త ఉంది. నాకు తక్కువేమీ లేదు. అయినా ఒక్కసారి వేరే దేశం పిల్లలు లెక్కలు ఎలా తప్పు చేస్తారో చూడాలని ఆశ పుట్టింది. మాల్దీవుల్లో మన టీచర్లను తీసుకుంటున్నారని విని దరఖాస్తు పెట్టాను. ఫోన్‌లోనే ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చేసింది. ఆ మాట చెబితే మా ఆయన టీ గ్లాసులోకి చూస్తూ “అమ్మనడుగు” అన్నాడు. ఆయన దగ్గర అన్ని రోగాలకూ ఆ ఒక్క మందే ఉంటుంది.

అత్త చెనిక్కాయలు ఒలుస్తోంది. “యాడికంటివి?” అంది. మాల్దీవులకు అన్నాను. “అది యాడుండాది?” సముద్రంలో అన్నాను. “సముద్రం పక్కనా?” “కాదత్తా, సముద్రంలోనే.” ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి మళ్లీ కాయలు ఒలుచుకుంది. మర్నాడు పొద్దున పాలు కాస్తూ “ఆడ బియ్యం దొరుకుతాయా?” అని అడిగింది. ఒప్పుకుందని నాకు అర్థమైంది.

విమానం మంగళవారం పొద్దున, బెంగళూరు నుంచి. సోమవారం సాయంత్రం ఇల్లు వదిలితే చాలు. కానీ అత్త పురోహితుడి దగ్గరికి పోయొచ్చి “ఆదివారం పొద్దున ఏడున్నరకు గడప దాటల్ల” అని తేల్చేసింది. అంత ముందు గడప దాటి నేనేం చేయాలి? దానికీ ఒక పద్ధతి ఉంది. ప్రయాణానికి మంచి ఘడియ ముందే వచ్చేస్తే, ఆ ఘడియకు ఇల్లు వదిలేసి వేరే ఇంట్లో ఉండి, వీలైనప్పుడు అక్కణ్నుంచే బయలుదేరాలి. పెద్దవాళ్లు దీన్ని ప్రస్థానం అంటారు. షరతు ఒక్కటే, మళ్లీ మన గడప తొక్కకూడదు. అలా ఆదివారం ఏడున్నరకు దేవుడికి దణ్ణం పెట్టుకుని, అందరినీ కావలించుకుని, కళ్లు తుడుచుకుని, రెండు పెట్టెలతో విదేశానికి బయలుదేరాను. వీధి దాటి ఎదురింటి అరుగు ఎక్కాను.

ఆ ఇల్లు మాబున్నక్కది. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. “రా పద్మా, విమానం దిగినావా?” అని నవ్వి, టీ ఇచ్చింది. కాసేపటికి నాకు వీడ్కోలు చెప్పడానికి వీధిలోవాళ్లు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. అత్త గేటు దగ్గర నిలబడి అందరికీ ఒకటే మాట చెప్పింది. “పొద్దున్నే పోయిందమ్మా.” వాళ్లు వెనక్కి తిరిగి, ఎదురు అరుగు మీద టీ తాగుతున్న నన్ను చూసి చెయ్యి ఊపి పోయారు. ఒకావిడైతే ఆడ వాన పడతాందా అని కూడా అడిగింది.

పదిగంటలకు మా ఆయన గరిటె పట్టుకుని బయటికొచ్చి “పద్మా, ఇంగువ యాడుండాది?” అని కేకేశాడు. నేను నోరు తెరిచేలోపే అత్త అడ్డం పడింది. “విదేశంలో ఉండే మనిషిని వీధిలో నిలబడి పిలుస్తావా? ఫోన్ చేయి.” చేశాడు. ఆయన మాట ముందు వీధిలోంచి ఒకసారి, తర్వాత ఫోన్‌లోంచి ఒకసారి వినిపించింది. ఇంగువ ఆవాల డబ్బా వెనకాల ఉంది, మా పెళ్లయినప్పటి నుంచీ అక్కడే ఉంది. ఈ గొడవకు లాస్య నవ్వి నా దగ్గరికి పరుగెత్తుకు రాబోయింది. అత్త దాని చెయ్యి పట్టుకుని ఆపేసింది. “సముద్రం దాటి దినామూ పోతావా నువ్వు? ఆణ్నుంచే చెయ్యి ఊపు, చాలు.”

నాకు ఒళ్లు మండింది. “గడప తొక్కకూడనిది నేను కదత్తా? పాప రాకూడదని ఏ శాస్త్రంలో ఉండాది?” అన్నాను. “గమ్మునుండు. పోయినోళ్లు మాట్లాడకూడదు” అంది అత్త. మాబున్నక్క సూది పక్కన పెట్టి “యా అల్లా, ఏం మాటలవి!” అని చెంపలేసుకుంది.

మధ్యాహ్నం మూడింటికి లాస్య మా గేటు లోపల సైకిల్ తొక్కుతూ నీళ్లతొట్టికి గుద్దుకుని పడింది. మోకాలు చీరుకుపోయింది. “అమ్మా!” అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను ఒంటికాలి చెప్పుతో అరుగు దిగి సగం వీధి దాటేశాను. “ఆడనే నిలబడు పద్మా!” అంది అత్త. నిలబడిపోయాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. అత్త పాపను ఎత్తుకుని మెట్టు మీద కూర్చుని పసుపు అద్దింది, మా ఆయన మోకాటి మీద ఉఫ్ ఉఫ్‌మని ఊదాడు. అది కాసేపు వెక్కి వెక్కి ఏడ్చి, తర్వాత ఉడకేసిన చెనిక్కాయలు కావాలంది. ఏడుపు ఆగినందుకు సంతోషించాలో, నేను లేకుండానే ఆగినందుకు బాధపడాలో తెలియక నేను లోపలికి పోయి కుట్టుమిషను మీద తల పెట్టి ఏడ్చాను. మాబున్నక్క నా వీపు నిమిరింది. “ఏడువు తల్లీ, బాగా ఏడువు. ఆ గుడ్డ మాత్రం పక్కన పెట్టు, పెండ్లి జాకెట్టు అది” అంది.

సోమవారం పొద్దున ఇంకా ఘోరం. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆగలేక నేనే చేసి “ఏమన్నా కావల్లనా?” అని అడిగాను. “ఏమీ వద్దులే, పాపకు బడి టైమయింది, పెట్టేస్తాండా” అన్నాడు మా ఆయన. లాస్య గేటు దాటుతుంటే చూశాను. రెండు జడలూ సమానంగా, రిబ్బన్లు కట్టి, నేను వేసినదానికంటే బాగానే ఉన్నాయి. అత్త వేళ్లు నొప్పులని ఇన్నేళ్లూ జడలు నాచేతే వేయించింది.

సాయంత్రం ఐదింటికి ఆటో వచ్చింది. పెట్టెలు ఎక్కిస్తూ ఆటో అబ్బాయి “నిన్ననే పోయినారన్యారే అక్కా, అప్పుడే తిరుక్కొచ్చినారా?” అన్నాడు. అత్త మా గేటు లోపలి నుంచే చూసి “జాగ్రత్త” అంది, అంతే. డోన్ దాకా మా ఆయన తోడొచ్చాడు. ముందు మా ఊరి బస్టాండులో బనగానపల్లె బస్సు కోసం నిలబడి ఉంటే మా పురోహితుడు కనిపించాడు. “ఏమ్మా, ఇప్పుడు పోతాండావా? మంచిది. సోమవారం సాయంత్రం శానా బాగుండాదని నేను ముందే చెప్తి. మీ అత్తనే, కాదు సామీ, నాకు ఆదివారం కావల్ల అని పట్టు పట్టె” అని ఆశీర్వదించి పోయాడు. నేను మా ఆయన వైపు తిరిగాను. “నాకేం తెలుసు? అమ్మనడుగు” అన్నాడు.

ఈ దారిన పోయేవాళ్లకు చెబుతున్నాను. కోయిలకుంట్ల నుంచి బనగానపల్లె, అక్కణ్నుంచి డోన్ పోతే హైవే మీద బెంగళూరు బస్సులు దొరుకుతాయి. టికెట్టు ఆరేడు వందలు. ఊళ్లోకి పోనక్కర్లేదు, విమానాశ్రయం ముందే వస్తుంది కాబట్టి దేవనహళ్లి దాటాక మలుపులో దింపమని డ్రైవరుకు చెప్పుకోండి. ముందుగా కొంటే విమానం టికెట్టు పదివేల చుట్టూ ఉంటుంది, ప్రయాణం రెండు గంటలు. ఇవన్నీ నేను సరిగ్గానే చేశాను గానీ దారంతా నా బుర్రలో అత్తతో పోట్లాట నడుస్తూనే ఉంది. పెనుకొండ దగ్గర నేను గెలిచాను. బాగేపల్లి దగ్గర ఆమె ఏడ్చింది, నేను క్షమించలేదు. విమానంలో కాఫీ ఇస్తే కూడా కోపంగానే తాగాను. నా బిడ్డను పక్కలో పడుకోబెట్టుకోవాల్సిన చివరి రాత్రి ఉత్తపుణ్యానికి ఎదురింట్లో పడుకున్నాను.

మాలేలో దిగి, పని అనుమతి కాగితం చూపించి బయటికొస్తే పడవల రేవు ఎదురుగానే ఉంది. మా దీవికి వేగంగా పోయే పడవలో రెండు గంటలు. పడవవాడికి మన సినిమాల పుణ్యమా అని హిందీ వచ్చు. నేను అన్నీ చూడాలని ముందు కూర్చుంటే, వెనక్కి పొమ్మన్నాడు. వినలేదు. ప్రతి అలకూ బెంచీ మీంచి జానెడు లేచి కూలబడ్డాను, పొద్దున తిన్నదంతా హిందూ మహాసముద్రానికి సమర్పించుకున్నాను. దీవిలో దిగాక నన్ను తీసుకుపోవడానికి వచ్చిన హెడ్మిస్ట్రెస్ మొదట అడిగిన ప్రశ్న ఈత వచ్చా అని. మా కుందూ నదికి వరదొస్తే దూరంగా నిలబడి చూస్తాం, వరద లేకపోతే నడిచి దాటుతాం, ఈత అవసరం ఎప్పుడూ పడలేదని చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వి, బడి వంటావిడతో నాకు చేప లేని అన్నం పెట్టించింది. చేప లేదని చెప్పిన కూరలో చేప పొడి ఉంది. ఆకలికి తినేశాను.

గదిలో పెట్టెలు దించి వీడియో కాల్ చేశాను. లాస్య మోకాటి మీద పొక్కు చూపించి ఆటకు పోయింది. అత్త ఫోన్ అందుకుంది.

“సోమవారం సాయంత్రం కూడా బాగుండాదంట కదత్తా” అన్నాను.

“చెప్పినాడా? ఆ సామి నోట్లో నువ్వుగింజ నానదు” అంది అత్త.

“మరెందుకట్ల చేస్తివి? ఆ రాత్రి పాప నా పక్కన పండుకునేది.”

“నీకోసమో పాపకోసమో చేసినా అనుకుంటాండావా? నాకోసమే చేసుకున్యా. నువ్వొచ్చినప్పట్నుంచి ఈ ఇంటిని, పాపను నేనొక్కదాన్నే ఒక దినం చూసుకునింది ల్యా. నాకు చేతనవుతాదో ల్యాదో చూసుకోవద్దా? చేతకాకుంటే వీధి దాటొచ్చి, చెయ్యి పట్టుకోని నిన్ను లోపలికి తోడుకొచ్చేదాన్ని. నువ్వు సముద్రం దాటినాక నేను యాడికి రావల్ల?”

పెనుకొండ నుంచి సిద్ధం చేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టాను. “పాప పడినప్పుడు కూడా పిలవల్యా కదా” అన్నాను.

“నిలబడమంటి గానీ, మళ్లీ నేనే పిలవబోతిని. గేటు తెరిచి ఒక కాలు బయట పెడితి. నువ్వు చూడల్యా, నీ కండ్లు పాప మీదనే ఉండె” అని, కూర మాడుతోందని ఫోన్ పెట్టేసింది.

ఇక్కడ పిల్లలు కూడా ప్లస్ మైనస్ గుర్తుల దగ్గరే తప్పు చేస్తారు, మన పిల్లల లాగే. ఆ సంగతి తెలుసుకోవడానికి ఇంత దూరం వచ్చానా అని నవ్వొస్తుంది. కానీ ఆ ఫోన్ మాట్లాడిన తెల్లారి బోర్డు ముందు నిలబడి నిబ్బరంగా సుద్దముక్క అందుకున్నాను. నేను లేకపోతే ఇల్లు కూలిపోతుందని ఇన్నాళ్లూ భయపడ్డాను. కూలదని తెలిసినప్పుడు కోపం వచ్చింది. కూలకుండా ఒక మనిషి పట్టుకుని నిలబడిందని ఇప్పుడు తెలిసింది, ఆమె మీద ఎంత ప్రేమ ఉందో కూడా ఇప్పుడే తెలిసింది. ఆ మాట ఫోన్‌లో చెప్పబోతే “సరేలే, తిన్యావా?” అంటుంది.

ఒక్క సలహా. పిల్లల్ని ఇంట్లో వదిలి దూరదేశం ఉద్యోగానికి పోయేవాళ్లు ఒకటి రెండు రోజులు ముందే ఇల్లు వదిలి, ఎదురింట్లో ఉండి చూడండి. ముహూర్తం మంచిదా కాదా అన్నది ముఖ్యం కాదు. మీ గేటు బాగా కనిపించే అరుగు చూసుకోండి, పాపనే కాదు, గేటు దగ్గర నిలబడిన మనిషిని కూడా చూడండి.