ఆలూబుఖారా పై, చెల్లి చెయ్యి

నాకు పదమూడేళ్ళున్నప్పుడు, వేసవి సెలవుల్లో, మా చెల్లి ఎడమ చెయ్యి విరగ్గొట్టాను. చపాతీ కర్రతో. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఎవరైనా అడిగితే "చిన్నప్పుడు పడింది" అని నేనే ముందు అందుకుని చెప్పేదాన్ని. చెల్లి తలూపేది.

తొంభైల నడిమి కాలం అది. ఢిల్లీ మునిర్కాలో ఒక ఇంటి రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. రెండు గదులు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకు చోటులేని వంటిల్లు. అమ్మది నరసాపురం దగ్గరి పల్లె. నర్సింగు చదివి, ఢిల్లీలో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో వచ్చేసింది. నాన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టెనో.

నాన్న తాగేవాడు కాదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే పెళ్ళాన్ని కొట్టే మగవాడి సంగతి ఎత్తగానే అందరూ తాగుడు గురించే అడుగుతారు. ఆయన సిగరెట్టు కూడా ముట్టుకునేవాడు కాదు. ఆదివారం చర్చిలో జరిగే తెలుగు ఆరాధనలో కానుకల పళ్ళెం పట్టుకుని వరస వరసకీ తిరిగే పెద్దమనిషి. కొట్టే ముందు చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టేవాడు. గడియారం విప్పాడంటే అమ్మ మా ఇద్దర్నీ లోపలి గదిలోకి తోసి తలుపు లాగేసేది. తలుపవతల చప్పుళ్ళు, మధ్యమధ్య ఆయన గొంతు: "ఎందుకే నాచేత కొట్టించుకుంటావ్?" నిజంగానే జవాబు కావాలన్నట్టు అడిగేవాడు.

అమ్మ నన్ను కొట్టేది. గరిటె, చెప్పు, చపాతీ కర్ర, ఏది చేతికి అందితే దానితో. వార్డులో ముసలివాళ్ళకు సూది నొప్పి తెలియకుండా వేస్తుందని పేరున్న చెయ్యే అది. నేను చెల్లిని కొట్టేదాన్ని. చెల్లికి మాత్రం కొట్టడానికి ఎవరూ లేరు. బాల్కనీలో వాలే పావురాల మీద చెప్పులు విసిరేది.

మా పైన, మేడ మీది ఒంటి గదిలో, కొండ ప్రాంతం నుంచి వచ్చిన ఒక ఆంటీ ఉండేది. ఆ గదిని ఢిల్లీలో బర్సాతీ అంటారు. బడిలో ఆడపిల్లలకు వంట పాఠాలు చెప్పే టీచరు, పెళ్ళి చేసుకోలేదు. ఏటా మే నెలలో వాళ్ళ అన్న తోట నుంచి చెక్కపెట్టెల్లో ఆలూబుఖారాలు, ఆడూలనే పీచ్ పండ్లు పంపేవాడు. ఆలూబుఖారాలు ముదురెరుపు రంగులో, కొరికితే పంటి వెనక పులుపు తగిలేలా ఉండేవి. మా ఇంట్లో చప్పుళ్ళు ఆవిడకు వినబడేవి. ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ఆ ఏడు సెలవులివ్వగానే మెట్ల మీద నన్ను ఆపి, "పొద్దున్నే పైకి రా బేటా, నీకు పండ్లతో పై చెయ్యడం నేర్పిస్తాను" అంది.

చెల్లి పకపకా నవ్వింది. "అక్కా, పై మత్‌లబ్ ఊపర్? పైన కూర్చుని పై నేర్చుకుంటావా?" దానికి తెలుగు అర్థమయ్యేది, నోట్లోంచి మాత్రం హిందీయే వచ్చేది.

మూడు పొద్దుటిపూటలు నేర్చుకున్నాను. మైదాలో చిటికెడు ఉప్పు, చెంచా పంచదార. గట్టిగా గడ్డకట్టిన వెన్నను చాకుతో చిన్న ముక్కలు కోసి అందులో వేసి, వేళ్ళ కొసలతో మాత్రమే నలపాలి. బొంబాయి రవ్వలా పొడిపొడిగా అవగానే ఆపెయ్యాలి. తర్వాత ఐసు నీళ్ళు, చెంచా చెంచాగా. చపాతీ పిండిలా మర్దించకూడదు. "దీన్ని కొట్టకు, పిసక్కు," అనేది ఆంటీ. "ఎంత బలం చూపిస్తే అంత గట్టిగా తయారవుతుంది. వెన్న కరగకముందే నీ చెయ్యి తీసెయ్యాలి." ముద్దను తడిగుడ్డలో చుట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, గుండ్రంగా ఒత్తి, మధ్యలో పంచదార, కాస్త మొక్కజొన్న పిండి కలిపిన పండ్ల ముక్కలు పోసి, అంచులు లోపలికి మడిచేస్తే సరి. అచ్చులు అక్కర్లేదు, సొగసులు అక్కర్లేదు. కరెంటుతో నడిచే గుండ్రటి అల్యూమినియం ఓవెన్‌లో నలభై నిమిషాలు. మూతలోని అద్దంలోంచి చూస్తుంటే ఎర్రటి రసం అంచుల దగ్గర బుడబుడలాడేది.

నాలుగో రోజు ఆంటీ తన ఊరికి ప్రయాణమైంది. వెళ్తూ వెళ్తూ ఓవెన్‌నీ, ఒక పెట్టె పండ్లనీ మా వంటింట్లో పెట్టింది.

మొదటి పై నాన్నకు నచ్చింది. రెండు ముక్కలు తిన్నాడు. ఆ ఆదివారం చర్చిలో, పిల్లల వేసవి బడి ముగింపు రోజుకు ఎవరెవరు ఏం తేవాలో మాట్లాడుకుంటుంటే, లేచి నిలబడి "మా పెద్దమ్మాయి అందరికీ ఫ్రూట్ పై చేసి తెస్తుందండి" అని ప్రకటించాడు. అందరూ నావైపు చూశారు. గర్వంతో నా చెవులు వేడెక్కాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు వినబడేలా అమ్మతో అన్నాడు: "అదేమన్నా పాడుచేసిందంటే నీకుంటుంది."

ముగింపు శనివారం. శుక్రవారం పొద్దున్న ఆరున్నరకు అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను అప్పటికే పిండి నలుపుతున్నాను. వేడి పెరగకముందే నాలుగు ముద్దలు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. తొమ్మిదిన్నరకు నాన్న ఆఫీసుకు వెళ్ళేసరికి ఒక పై అయిపోయింది. బంగారు రంగులో, ఎక్కడా చిట్లకుండా వచ్చింది. పది గంటలకు కరెంటు పోయింది.

ఢిల్లీలో మే నెల ఎండ తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫ్యాను ఆగిన అయిదు నిమిషాల్లో గోడలే వేడి ఊపిరి వదులుతాయి. చెల్లితో రెండుసార్లు చెప్పాను, ఫ్రిజ్ తియ్యొద్దని. అయినా నేను పండ్లు కోస్తుంటే అది తలుపు బార్లా తీసి, లోపల తలపెట్టి, ఐసు ముక్కలు చప్పరిస్తూ నిలబడింది. ఎంతసేపు నిలబడిందో. నేను చూసి జుట్టు పట్టుకుని లాగేసరికి ముద్దలు మెత్తబడ్డాయి. కరెంటు వచ్చేలోగా ఒకటైనా ఒత్తి సిద్ధం చేసుకుందామనుకున్నాను. పీటకు అంటుకుపోయింది. గీకి, మైదా చల్లి మళ్ళీ ఒత్తాను, చిరిగింది. మూడోసారి కూడా చిరిగింది.

"ఫట్ గయా! అక్కా, ఫిర్ సే ఫట్ గయా!" చెల్లి చప్పట్లు కొట్టింది.

కర్ర నా చేతిలోనే ఉంది. మొదటి దెబ్బ వీపు మీద పడింది. అది గోడవైపు తిరిగి ఎడమ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. తలుపు సందులోంచి చూశాను, అమ్మ కూడా సరిగ్గా అలాగే పెట్టుకునేది, మోచెయ్యి పైకెత్తి, తల కిందికి దించి. ఆ భంగిమ చూసి ఆగిపోయానని రాయాలని ఉంది. ఆగలేదు. ఆ చెయ్యి చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. బలమంతా పెట్టి మళ్ళీ కొట్టాను. పచ్చి పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

"ఎందుకే నాచేత కొట్టించుకుంటావ్?" అని అరిచాను.

నా నోటి నుంచి ఆ మాట రావడం నేను విన్నాను. చెల్లి ఏడవలేదు. కింద కూర్చుని తన చేతిని వింతగా చూసుకుంటోంది. మణికట్టుకు పైన చెయ్యి ముళ్ళ చెంచాలా వంగి ఉంది. దాని పెదవులు తెల్లబడ్డాయి.

ఆ తర్వాత నేను చేసిన పనే కొట్టడం కన్నా నన్ను ఎక్కువ బాధిస్తుంది. దాన్ని మంచం మీద కూర్చోబెట్టి, చున్నీతో చెయ్యి మెడకు కట్టి, "మెట్ల మీంచి పడ్డానని చెప్పు. లేకపోతే రెండోది కూడా విరగ్గొడతా" అన్నాను. అది తలూపింది. ఇంతలో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. నేను వంటింట్లోకి వెళ్ళి చిరిగినదాన్ని ముద్ద చేసి, మిగిలినవాటితో పాటు మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాను. చల్లబడ్డాక ఒకదాని తర్వాత ఒకటి ఒత్తి, పండ్లు నింపి, అంచులు మడిచి మూడు పైలూ కాల్చాను. దాదాపు మూడు గంటలు. పక్కగదిలో చెల్లి సన్నగా మూలుగుతుంటే అద్దంలోంచి రసం ఉడకడం చూస్తూ నిలబడ్డాను. అవి పాడైతే అమ్మకు దెబ్బలు పడతాయని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ చెల్లి దగ్గరికి వెళ్ళడానికి భయమేసింది, అది కూడా నిజమే.

రెండున్నరకు అమ్మ వచ్చింది. యూనిఫాం మార్చుకోకుండానే మంచం దగ్గరికి వెళ్ళింది.

"మెట్ల మీంచి పడిందమ్మా," అన్నాను.

అమ్మ చున్నీ విప్పింది. వాచిన చేతి మీద కమిలిన గీత, గౌను వీపు మీద పొడుగ్గా మైదా మరక. కాసేపు వాటినే చూసింది. వంటింట్లోకి నడిచి కర్ర పట్టుకొచ్చింది. నేను పరిగెత్తలేదు. భుజం మీద, నడుం మీద, తొడ మీద కొట్టింది. నోరు తెరిచి ఒక్క మాట అనకుండా కొట్టడం అదే మొదటిసారి. చెల్లి మంచం మీంచి అరిచింది: "మమ్మీ, మత్ మారో! అక్కా కో మత్ మారో!"

అప్పుడు ఆగింది. చేతిలోని కర్రను చూసుకుని బాల్కనీలోకి విసిరేసింది. నేల మీద కూలబడి రొప్పింది. తర్వాత లేచి, వార్తాపత్రిక మడతపెట్టి చెల్లి చేతికి బద్దలా కట్టి, "పదండి" అంది.

ఆటోలో తను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళింది. అంతకు రెండేళ్ళ ముందు అమ్మ పెదవికి అక్కడే కుట్లు వేశారు. అప్పుడు అమ్మ చెప్పింది కూడా మెట్ల కథే. ఎమర్జెన్సీలో ఉన్న కుర్ర డాక్టరు చెల్లి చెయ్యి చూస్తూ "కైసే హువా, సిస్టర్?" అని మామూలుగా అడిగాడు.

అమ్మ మామూలుగానే జవాబిచ్చింది. రోగి వివరాలు చెప్పేటప్పటి గొంతుతో, హిందీలో. "మా పెద్దమ్మాయి కొట్టింది. దాన్ని నేను కొడతాను. నన్ను మా ఆయన కొడతాడు."

డాక్టరు కలం ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర మందులు సర్దుతున్న హెడ్ నర్సు, మలయాళీ ఆవిడ, తలెత్తి అమ్మ వైపు చూసింది. వచ్చి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. అక్కడ దెబ్బ ఉందని ఆవిడకు తెలియదు. ఆ చెయ్యి తగలగానే అమ్మ "అబ్బా" అని ముడుచుకుపోయింది. ఆవిడ వెంటనే చెయ్యి తీసేసింది. "ఇవాళ మీరు ఇంటికి వెళ్ళట్లేదు," అంది.

చెల్లికి మోచెయ్యి దాటేదాకా కట్టు వేశారు. ఎముక సర్దేటప్పుడు అది అరిచిన అరుపు వరండాలో ఉన్న నాకు వినబడింది. నర్సుల క్వార్టర్స్‌లో ఆవిడ ఇంట్లో మేం ముగ్గురం ఒకే చాప మీద పడుకున్నాం. నాన్నకు ఫలానా చోట ఉన్నామని ఆవిడే ఫోన్ చేయించింది.

నాన్న ఆ రోజు రాలేదు. శనివారం మధ్యాహ్నం వచ్చాడు, చేతిలో మా పెద్ద స్టీలు డబ్బాతో. పైలు నాలుగూ తనే చర్చికి పట్టుకెళ్ళాడట. పిల్లలకు ఒంట్లో బాగాలేదని చెప్పాడట. ఖాళీ డబ్బా గుమ్మం పక్కన పెట్టి, "అందరూ చాలా బాగున్నాయన్నారు. ఒక్క ముక్క మిగల్లేదు" అన్నాడు నాతో. ఆ క్షణంలో కూడా నాకు సంతోషం కలిగింది. అది దాచడానికి తల దించుకున్నాను.

ఆయన చెల్లి కట్టు చూశాడు. తర్వాత అమ్మతో అన్నాడు. "బయట నలుగురిలో నా గురించి ఏం చెప్పావే?"

"జరిగింది చెప్పానండి."

ఆయన వేళ్ళు అలవాటుగా గడియారం మీదికి పోయాయి. పట్టీ విప్పబోయాడు. హెడ్ నర్సు కుర్చీలోంచి లేచి తలుపు రెక్కలు రెండూ గోడకు ఆనేలా తెరిచింది. వరండాలో బట్టలు ఆరేస్తున్న నర్సులు ముగ్గురు అటు తిరిగి నిలబడ్డారు. నాన్న వాళ్ళను చూశాడు, పట్టీ మళ్ళీ బిగించుకున్నాడు, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మేం మునిర్కా ఇంటికి మళ్ళీ వెళ్ళింది సామాన్ల కోసమే. బళ్ళు తెరిచే నాటికి అమ్మకు అదే వరుసలో ఒక గది ఇచ్చారు. పాస్టరుగారు రెండుసార్లు వచ్చి సర్దుకోమన్నారు. "ఆయన్ని ముందు సర్దుకోమనండి" అంది అమ్మ. నాన్న ఆదివారాలు వచ్చి వరండాలో కుర్చీ వేసుకుని టీ తాగి వెళ్ళేవాడు. ఆయన పోయేదాకా అలాగే సాగింది. క్షమాపణ అనే మాట ఆయన నోట నేను వినలేదు.

అమ్మ ఆ తర్వాత నన్ను రెండుసార్లు చెంప మీద కొట్టింది. రెండుసార్లూ కొట్టిన వెంటనే బయటికి వెళ్ళిపోయి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. నేను చెల్లి మీద మళ్ళీ చెయ్యి వెయ్యలేదు. వెయ్యాలనిపించలేదని మాత్రం అనను. నా కొడుకు పుట్టాక, వాడు అన్నం కంచం విసిరికొట్టిన ఒకరోజు, నా చెయ్యి గాల్లోకి లేచింది. వాడు మోచెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దెబ్బంటే ఏమిటో వాడికి తెలియదు. ఏం చేస్తున్నానో తెలియక కుతూహలంగా నా చేతివైపు చూశాడు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నాను.

కిందటేడు చెల్లి మా ఇంటికి వచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగాను, నన్ను క్షమించావా అని. అది టీ కప్పు కింద పెట్టింది. ఇప్పటికీ దానికి హిందీయే ముందు వస్తుంది.

"కొట్టినందుకు కబ్ కా మాఫ్ కర్ దియా, అక్కా. కానీ ఆ మూడు గంటలు..." ఆగి, సరైన తెలుగు మాట కోసం వెతుక్కుంది. "అది ఇంకా క్షమించలేదు."

నేను సరేనన్నాను. అది కప్పు అందుకుని మిగిలిన టీ తాగింది.