మీటర్ల బోర్డు, బామ్మర్ది మీసం

నిన్న నా బుద్ధి ఎంత గడ్డి తిన్నదో వినుండ్రి. జర చాయ పోయిండ్రి ముందుగాల, చెప్పేటానికి గుడ ఓపిక లేదు.

మా బామ్మర్ది విమానాల మెకానిక్కు గదా. పోయినసారి వచ్చినప్పుడు ప్లాస్టిక్ విమానం కిట్టు తెచ్చిచ్చిండు. ముక్కలు అతికిచ్చి, రంగులేసి విమానం జెయ్యాలె. "బావా, రెక్కలు ఎవడైనా అతికిస్తడు. పైలట్ ముంగటుండే మీటర్ల బోర్డుకు నువ్వు రంగులేస్తే నా మీసం తీసేస్తా!" అన్నడు. గీ మందమర్రి బొగ్గుబాయి క్వార్టర్లల్ల, మన లైనోళ్లందరి ముంగటనే అన్నడు. ఇగ ఊకుంటనా?

బోర్డు ఎంతుంటదనుకున్నరు? నా చిటికెనేలు గోరంత! దానికి ముందు ఎన్క నల్లరంగు కొట్టి, మీద ఆవగింజలంత మీటర్లు, అండ్ల తెల్ల ముల్లు. బ్రష్షు కత్తిరిచ్చి కత్తిరిచ్చి ఒక్క వెంట్రుక ఉంచిన. ఊపిరి బిగవట్టి గీస్తుంటే పక్కింట్ల ఎవలన్న తుమ్మితే చాలు, ముల్లు వంకర! డ్యూటీ దిగుడు, గీసుడు, తుడుసుడు. మెడ వట్టుకపోయింది, కండ్లు గుంజినయ్. ఆఖరికి నిన్న అయిపోయింది. నా పెండ్లప్పుడు గుడ గంత సంబురపడలే. ఆరాలెనని కిటికీల పెట్టిన.

సాయంత్రం బామ్మర్ది దిగిండు. "బోర్డేది బావా?"

"చాయ తాగు, మీసం సంగతి తర్వాత జూద్దాం," అన్న.

అర్రలకెల్లి మా ఆమె కేకేసింది, "పొయ్యి సల్లారుతుంది, రెండు బొగ్గులెయ్యరాదయ్యా!"

పోతుంటే కిటికీ కింద నల్లటి పెచ్చు కనవడ్డది. మన ఇండ్లల్ల కింద నల్లగ ఏది కనవడ్డా ఏం జేస్తం? చెయ్యి దానంతటదే పోతది. తీసి పొయ్యిల పడేసిన.

జరసేపటికి ఒకటే కంపు! "ఎవలింట్లనో చెప్పులు కాలవెడుతున్నరు! సుట్టం వచ్చిన యాళ్లకేనా?" అని వాకిట్ల నిలవడి లైనంత ఇనవడేటట్టు తిట్టిన.

చాయ తాగినంక పోయి చూస్తే కిటికీల బోర్డు లేదు. ఫ్యాను గాలికి ఎప్పుడో కింద బోర్ల పడ్డది!

మా ఆమె పొయ్యి దిక్కు జూసింది, నా మొకం జూసింది. "తమ్మీ, నువ్వు తాగిన చాయ దాని మీదనే కాగింది," అన్నది.

బామ్మర్ది నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నడు. మీసం మెలేసుకుంట అడిగిండు, "అవు బావా, బాయి మీద నీ పనేందే?"

మీకెరుకే గదా.

"ఏది బొగ్గో, ఏది కాదో చూసి ఏరుడు," అన్న.