సేటు, పెదనాన్న తువ్వాలు

డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి, ఫలితాలు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని నేను కోరుకుంటున్న రోజులవి. ఆ రోజుల్లో చదువుకున్నవాడు ఇంట్లో ఖాళీగా కనబడితే పెద్దవాళ్ళకు కళ్ళు మండేవి (ఇప్పుడూ మండుతాయి, కాకపోతే నేను ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకోవడం నేర్చుకున్నాను). అందుకని నన్ను పినపాక దగ్గర మా పెదనాన్న మిరప కల్లానికి కాపలా పంపారు. నిజానికి అక్కడ కాపలాకు మనిషి అవసరం లేదు. సేటు ఉంది.

సేటు అంటే కుక్క. గోధుమ రంగు, ఒక చెవి సగమే. మిరపకాయల కుప్పకు చేరగిలబడి, గద్దె మీద బట్టల వ్యాపారిలా కూర్చునేది కాబట్టి ఆ పేరు. దానికి లోకంలో తెలిసినవి రెండే: పెదనాన్న, పెదనాన్న తువ్వాలు. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటామే, ఆయన అదే పద్ధతిలో లోకాన్ని ఆపుకునేవాడు. మోటారు మీద, బండి మీద, చివరికి (పెద్దమ్మ ఎంత తిట్టినా) కూర గిన్నె మీద కూడా తువ్వాలు వేసి పోయేవాడు. ఆయన తిరిగొచ్చి తీసేదాకా సేటు కదలదు, ఎవరినీ ముట్టుకోనివ్వదు. బస్సులో అయితే కనీసం కండక్టరుకు చెప్పుకోవచ్చు.

ఆ రోజు పెదనాన్న ధర కనుక్కుని వస్తానని ఖమ్మం బయల్దేరుతూ, కుప్ప మీద తువ్వాలు వేసి, "జర చూస్తుండు" అన్నాడు. నేను తలూపాను. "నీతోని గాదురా" అని సేటు వైపు చూసి, బస్సెక్కాడు.

మధ్యాహ్నం మూడింటికి గోదావరి వైపు ఆకాశం నల్లబడింది. కల్లంలో ఉన్నది ఏడాది పంట. తడిస్తే కాయ రంగు పోతుంది, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. టార్పాలిన్ పట్టా పట్టుకుని పరుగెత్తాను. సేటు లేచి పళ్ళు చూపించింది. రోజూ నా చేత్తో అన్నం తినే కుక్క! ఆ ముఖంలో పాత పరిచయం జాడ కూడా లేదు.

పక్క చేలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు సాయానికి వచ్చారు. వాళ్ళ మేస్త్రమ్మ దూరంగా నిలబడి, "డిగ్రీ చదివినవ్ గద బిడ్డా, ఇంగ్లీషుల చెప్పు దానికి" అంది. బిస్కెట్లు వేశాను. తిని, మళ్ళీ పళ్ళు చూపించింది (లంచం మింగి పని చేయనివాళ్ళను నేను చూడటం అదే మొదలు). పెదనాన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. బస్టాండు రొదలోంచి ఆయన, "సేటూ, జరుగు బిడ్డా" అన్నాడు. నన్నెప్పుడూ బిడ్డా అన్న గుర్తు లేదు. ఆ గొంతు వినగానే సేటు తోకూపి, యజమాని గమనిస్తున్నాడని తీర్మానించుకుని, ఇంకా స్థిరంగా కూర్చుంది.

"అది కాసేది కుప్పను గాదు, తువ్వాలును" అంది మేస్త్రమ్మ. "గా తువ్వాలు లాగి అవతల పడెయ్యి."

చింతకాయలు దులిపే పొడుగు కర్రతో దూరం నుంచే తువ్వాలు ఎత్తాను. కంచె మీదికి విసురుదామని నా ఆలోచన. గాలికి వేరే ఆలోచన ఉంది. తువ్వాలు తిరిగొచ్చి సరిగ్గా నా భుజం మీద పడింది.

సేటు కుప్పను వదిలి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

అడుగు వేస్తే గుర్రు. తువ్వాలు మీద చెయ్యి వేస్తే గుర్రు. ఈలోపు ఆడవాళ్ళు కుప్పంతా కప్పేసి, వాన మొదలవగానే మోటారు షెడ్డులోకి పరుగెత్తారు. అక్కడినుంచి మేస్త్రమ్మ, "కదలకు బిడ్డా, నీ మంచికే" అని ధైర్యం చెప్పింది. రెండు గంటలు నేను పెదనాన్న ఆస్తినై తడిశాను. సేటూ తడిసింది. మధ్యలో ఒకసారి ఒళ్ళు దులుపుకుంది, నా మీదే.

చీకటి పడే ముందు వచ్చిన పెదనాన్న నేరుగా పట్టా ఎత్తి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర గలగలలాడించాడు. అప్పుడు నన్ను చూశాడు.

"కాయలు పొడిగనే ఉన్నయి. నువ్వేంది గిట్ల తడిసినవ్?"

తువ్వాలు తీసి, పిండి, ముందు కుక్క తల తుడిచాడు. సేటు ఏమీ జరగనట్టు నా చెయ్యి నాకింది. ఆ కల్లంలో మళ్ళీ కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

ఇప్పుడు పాల్వంచలో ఉద్యోగం. వీలైనప్పుడల్లా ఆ కల్లానికే పోతాను. తిరుగు బస్సు టైముకు పెదనాన్న తమాషాకు తువ్వాలు నా భుజం మీద వేస్తాడు. సేటుకు కళ్ళు సరిగా కనబడవు, పళ్ళు సగం లేవు. అయినా మూలుగుతూ లేచి వచ్చి నా పాదాల మీద కూర్చుంటుంది. గుర్రుమనే ఓపిక కూడా లేదు, నిజానికి నేను కదలొచ్చు.

"బస్సు పోతది పెదనాన్నా" అని విసుక్కుంటాను.

"ఇంకోటి ఉంటది లే" అంటాడాయన.

అదీ పోతుంది. తువ్వాలు తీయమని మాత్రం నేనెప్పుడూ అడగలేదు.