గుడ్డ కట్టిన సొరకాయ

గంగాధరప్పను మా చింతామణి ఊళ్ళో అందరూ పెద్దమనిషి అనేవాళ్ళు. ఆ పెద్దరికం ఆయన గొడుగులో ఉండేది, గంజి పెట్టిన పంచెలో ఉండేది, మనిషిలో మాత్రం నాకెప్పుడూ కనిపించలేదు. బెల్లం అంగడి తండ్రి పెట్టింది, నడిపేది తమ్ముడు. ఈయన పనల్లా అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళకు బుద్ధులు చెప్పడం.

యాభైలలో తిండిగింజలకు కటకటగా ఉన్నప్పుడు, ఊరి చివర కంపలు మొలిచిన బీడును మునిసిపాలిటీవాళ్ళు మడులుగా విడగొట్టి, కూరగాయలు పండించుకోమని ఇంటికొకటి ఇచ్చారు. కంప కొట్టింది మేము, బావి తవ్వింది మేము. ఏతం తొక్కడానికి వంతులు పెట్టుకున్నాం. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని వంకాయలకు ముల్లంగి, ముల్లంగికి తోటకూర మార్చుకునేవాళ్ళం. గంగాధరప్పకూ ఒక మడి వచ్చింది. పక్క మడి నాదే కాబట్టి చెబుతున్నాను, ఆయన అక్కడ పూచికపుల్ల తీసి పక్కన పెట్టిన పాపాన పోలేదు. గరిక తప్ప అందులో ఏమీ మొలవలేదు. అయినా తోటకు అధ్యక్షుణ్ణని ఆయనే చెప్పుకున్నాడు, ఎవరూ కాదనలేదు. మావాళ్ళ తెలివీ అంతంతమాత్రమే. గొడుగు వేసుకొచ్చిన ప్రతివాడికీ లేచి నిలబడే రకం.

తోటకు నిజమైన ఆధారం కెంపమ్మ. మొగుడు పోయాక గూళూరు నుంచి కూతురింటికి వస్తూ కొంగున సొరవిత్తనాలు కట్టుకొచ్చింది. ఆ కాయ తియ్యగా ఉండేది, నీళ్ళు తక్కువైనా కాసేది. ఏటా తన తీగ మీద ఒక్క కాయను విత్తనానికి వదిలి, తొడిమకు పాత చీర పేలిక కట్టేది. పేలిక కట్టిన కాయను ఎవరూ ముట్టరు. అది ముదిరి ఎండాక పగలగొట్టి, తొలివానలకు అన్ని మడులకూ గింజలు పంచేది. మిగతా కాయలన్నీ లేతగానే కూరకు పోయేవి కాబట్టి, తోటంతటికీ విత్తనం ఆ ఒక్క కాయలోనే ఉండేది.

మట్టిలో ఏనాడైనా చెయ్యి పెట్టి ఉంటే గంగాధరప్పకు ఈ సంగతి తెలిసేది. ఆయన ఆ పేలికను దిష్టికి కట్టారనుకున్నాడు. తాలూకాకంతటికీ పై అధికారి అమల్దారుగారు తోట చూడడానికి వచ్చిన పొద్దున, అన్నిటికంటే పెద్ద కాయ ఏదని వెతికి, పేలిక విప్పి పారేసి దాన్ని కోయించాడు. పసుపూ కుంకుమా పెట్టి, తన చెమటతో పండించానని చెప్పి మరీ దొరగారి చేతికిచ్చాడు. చెమట అంటే ఏమిటో ఆయన వీపుకు తెలియదు.

కెంపమ్మ ఏతం దగ్గర నుంచి వచ్చేసరికి అమల్దారు జట్కా వెళ్ళిపోయింది. తీగ అప్పటికే ఎండుముఖం పట్టింది, దాని మీద మరో పిందె లేదు.

"అది విత్తనానికి ఇడిసిన కాయప్పా," అంది. "వచ్చే యాడాదికి గింజ యాడ తెచ్చేది?"

"ఇంత దానికే మొగం మాడ్చుకుంటాండావేమమ్మా," అన్నాడు గంగాధరప్ప. "సంతలో దొరకదా గింజ? అమల్దారు ఇంటికి పోయే యోగం ఉండాది ఆ కాయకు."

ఆమె గట్టు మీద కూలబడి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు.

ఆ యోగం సంగతి అమల్దారు ఇంట్లో పనిచేసే అక్కయమ్మ తర్వాత చెప్పింది. ముదురుకాయకు కత్తి దిగలేదట. గొడ్డలితో పగలగొడితే లోపలంతా గింజలూ పీచూ. ఇది మనుషులు తినేదేనా అని అమ్మగారు విసుక్కుని పెరట్లో దిబ్బ మీద వేయించిందట. మాకు తెలిసేసరికి దాని మీద పేడా చెత్తా పడి, గింజ ఏరుకునే వీలు లేకపోయింది. ఈ మాట ఊరంతా పాకాక గంగాధరప్ప చాలా రోజులు తోట వైపు రాలేదు. రాకపోవడం వల్ల అక్కడ ఏ పనీ ఆగలేదు.

వానలు పడ్డాయి. సంత గింజలు వేసి చేదు కాయలు కాయించుకున్నాం. అమల్దారు దిబ్బ మీద మాత్రం సొరతీగ లేచి గోడెక్కింది. అక్కయమ్మ కబురు చేస్తే కెంపమ్మ వెళ్ళి, ఒక్క కాయకు పేలిక కట్టనివ్వమని అమ్మగారిని బతిమాలుకుంది. అది ఎండేదాకా పురిటిబిడ్డను చూసుకున్నట్టు పోయి చూసుకునేది.

మరుసటేడు తొలకరికి, తొడిమకున్న పేలికతో సహా ఆ కాయను తోటకు తెచ్చి పగలగొట్టింది. అందరం చేతులు చాపాం. సరిగ్గా అప్పుడే గొడుగు వచ్చింది.

"చూసినారా, విత్తనం చెడిపోకుండా అమల్దారు ఇంట్లో దాపెట్టింది ఎవురు?" అన్నాడు గంగాధరప్ప, సిగ్గూ ఎగ్గూ లేకుండా. "నా మడికీ నాలుగు గింజలు వెయ్యమ్మా," అని ఉత్తరీయం పట్టాడు.

కెంపమ్మ ఆయన ముఖం చూసింది, గరిక నిండిన ఆయన మడి చూసింది. తొడిమకున్న పేలిక విప్పి ఆ తెల్లటి ఉత్తరీయంలో వేసింది.

"నువ్వు ముందర ఇది ఏందో తెలుసుకోప్పా," అంది. "గింజలు మట్టిలో చెయ్యి పెట్టేవాళ్ళకు."

ఆయన కోసం లేచి నిలబడేవాళ్ళంతా ఆ రోజు కూర్చున్నచోటే కూర్చుని నవ్వారు. గంగాధరప్ప ఆ పేలికను పారేయాలో దాచుకోవాలో తెలియక, మిట్టమధ్యాహ్నపు ఎండలో గొడుగు మూసుకుని వెళ్ళిపోయాడు.