పూటన్నర దూరం

మా సిస్టరమ్మ పోయారన్న కబురు నాకు ఫోన్లో, ఒక సెమినార్ గ్రూపు ద్వారా తెలిసింది. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరు ఆఫీసుకి వెళ్తున్నాను. తెల్లవారుజామున గుండె ఆగిపోయిందట. కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. ఒక పెద్దమనిషి ‘ఆరోగ్య సమానత్వ రంగానికి తీరని లోటు, ఆఫ్రికా ఖండమంతటా సేవలందించిన మహనీయురాలు’ అని రాశాడు. వెంటనే అదే పెద్దమనిషి, ‘రేపటి సమావేశంలో భోజనానికి ఉండేవాళ్ళు పేర్లు ఇవ్వగలరు’ అని పెట్టాడు. ఆవిడ పనిచేసింది ఖండమంతటా కాదు, జాంబియాలో ఒకే ఒక్క జిల్లాలో. ఆ జిల్లా గురించి ఈయన ఆవిణ్ణి ఏనాడూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

ఆవిడ ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం కుటుంబపు ఆడపడుచు. నర్సు చదివి, కొన్నాళ్ళు ఇక్కడే పనిచేసి, జాంబియా వెళ్ళి, తల నెరిశాక తిరిగొచ్చారు. వచ్చాక, కొల్లేరు సరస్సులోని లంక ఊళ్ళల్లో ఆరోగ్య సర్వేలు చేసే మా సంస్థలో చేరారు. లంకల్లో నర్సుని సిస్టరమ్మ అంటారు. ఆ పిలుపే మాకూ అలవాటైంది. ఏ కాయితం చేతికిచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూసేవారు. ‘‘తివాచీని పైపైన చూసి కొంటే మోసపోతారండి. ముడులన్నీ వెనకే ఉంటాయి,’’ అనేవారు. మా గుమాస్తా పెళ్ళి శుభలేఖ ఇస్తే దాన్నీ తిప్పి చూశారు. మేం చాటుగా నవ్వుకున్నాం.

నేను లెక్కలు చదివినవాణ్ణి. లంకల నుంచి వచ్చిన ఫారాలను కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఫారంలో ఒక గడి ఉండేది: ఆరోగ్య కేంద్రానికి ఎంత దూరం, కిలోమీటర్లలో. ఆవిడ ఒక లంక నుంచి తెచ్చిన ఫారాల్లో ఆ గడిలో ఎక్కడా అంకె లేదు. ‘పూట’, ‘పూటన్నర’, ‘వానాకాలం రెండు పూటలు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

‘‘ఇదేంటండీ సిస్టరమ్మగారూ? ఇక్కడ అంకె వెయ్యాలి కదండీ,’’ అన్నాను.

‘‘ఎంత దూరమమ్మా అని అడిగానండి. వాళ్ళు చెప్పిందే రాశాను.’’

‘‘కిలోమీటర్లలో కావాలండి.’’

‘‘ఎవరికి కావాలండీ?’’

‘‘కంప్యూటరుకండి. అంకె తప్ప తీసుకోదు.’’

‘‘అయితే ఆ కంప్యూటర్నే ఓసారి లంకకి పంపించండి, లెక్కల మాస్టారూ,’’ అని నవ్వి, టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మ్యాపు తెరిచి, లంక మీద ఒక చుక్క, ఆరోగ్య కేంద్రం మీద ఒక చుక్క పెట్టి, మధ్యన గీత గీశాను. నాలుగు వచ్చింది. ఆ లంక ఫారాలన్నిటికీ నాలుగు కొట్టేశాను. ఒక్క గడీ ఖాళీ లేదని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషను కొట్టు. తూకం ముల్లు ఏమాత్రం అటూ ఇటూ అయినా మా నాన్న బేరమే ఆపేసేవారు. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి, గీత పొడుగునా చేపల చెరువులున్నాయని మ్యాపులో చూసి కూడా నాలుగు కొట్టాను.

దున్నపోతు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, పైవాళ్ళు ఆ నాలుగుని పట్టుకుని రిపోర్టు రాశారు. ‘ఆరోగ్య కేంద్రం అందుబాటులోనే ఉన్నది. అయినను గర్భిణులు వచ్చుట లేదు. కారణం: అవగాహన లోపం.’ వారానికో రోజు డాక్టరు పడవ మీద లంకకే వెళ్ళాలన్న ప్రతిపాదన అప్పటిదాకా ఉండేది. దాన్ని కొట్టేసి, దాని బదులు లంకలో అవగాహన సదస్సు పెట్టారు. చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే రంగుల పోస్టర్లు పంచారు. తాగే నీళ్ళు బిందెలతో పడవ మీద తెచ్చుకునే మనుషులకి నీళ్ళు ఎలా వాడాలో చెప్పి వచ్చారు! ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. అందులో సగం మంట నా మీదే.

సిస్టరమ్మ రిపోర్టు చదివి, తిరగేసి చూశారు. వెనక తెల్లకాయితం. ‘‘ఈ నాలుగు ఎక్కడిదండీ?’’ అని అడిగారు. చెప్పాను. తిట్టలేదు. ‘‘రాత్రికి లంకలో ఉండి, రేపు పొద్దున్నే బయల్దేరదాం మాస్టారూ. మీ నాలుగు మీద నడుద్దాం,’’ అన్నారు.

మర్నాడు పొద్దున్నే లంకలో బయల్దేరాం. మాతో ఏడో నెల గర్భిణి ఒకామె ఉంది. కాళ్ళు పొంగి, చెప్పులు పట్టక చేత్తో పట్టుకుని నడుస్తోంది. మొదటి చెరువు గట్టు మీద గేటుకి తాళం. ‘‘మేత బస్తాలు పోతన్నాయని ఓనరుగారు ఎవర్నీ వదలద్దన్నారండి,’’ అన్నాడు కాపలావాడు. చుట్టూ తిరిగి వెళ్ళాం. తర్వాత నీళ్ళు దాటించే దోనె కోసం కూర్చున్నాం. అది వచ్చాక నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. అవతల రోడ్డు మీద ఆటోవాడు బండి నిండితే గానీ కదలనన్నాడు. మేం చేరేసరికి ఓపీ అయిపోయింది. ‘‘రేపు రండమ్మా,’’ అంది చీటీలు రాసే అమ్మాయి, మొహం చూడకుండానే.

‘‘ఇంకో పూట పోయిందండి సిస్టరమ్మా,’’ అని ఆమె మెట్టు మీద కూలబడి కాళ్ళు రుద్దుకుంది.

సిస్టరమ్మ నా వైపు తిరిగి, ‘‘ఎన్ని కిలోమీటర్లండీ మాస్టారూ?’’ అన్నారు. రెండు నెలల తర్వాత ఆ గర్భిణికి నొప్పులొచ్చి, అదే దారిలో, అదే గుర్రపుడెక్క మధ్య, దోనెలోనే పురుడొచ్చింది. సిస్టరమ్మ పక్కన ఉండబట్టి తల్లీ పిల్లా దక్కారు.

మేం నడిచిన రోజు, తిరిగొచ్చేటప్పుడు సిస్టరమ్మ జాంబియా సంగతి చెప్పారు. అక్కడ ఆడవాళ్ళని క్లినిక్కు ఎంత దూరమని అడిగితే ఆకాశంలోకి చెయ్యి చూపించేవారట. సూర్యుడు ఇక్కడుండగా బయల్దేరితే, అక్కడికొచ్చేసరికి చేరతామని. కొత్తలో ఈవిడా నాలాగే దాన్ని కిలోమీటర్లు చేసి రాశారట. ఒక ముసలామె ఆ ఫారం లాక్కుని, ఇది మా దారి కాదు పొమ్మందట. తర్వాత ఆ ఆడవాళ్ళే క్లినిక్కు నర్సులతో కలిసి తమ దారిని తామే కొలిచి, ఆ కాయితాలు పట్టుకుని అధికారుల ముందు బైఠాయించి, వారానికో రోజు క్లినిక్కు తమ ఊరికే వచ్చేలా చేసుకున్నారు. ‘‘నేర్పుదామని వెళ్ళానండి. నేర్చుకుని వచ్చాను,’’ అన్నారు సిస్టరమ్మ.

ఆ తర్వాత ఏలూరులో ఒక హోటల్లో సదస్సు జరిగింది. ఒక వక్త, ‘‘ఎంతైనా మనమేమీ ఆఫ్రికా కాదు కదండీ,’’ అని నవ్వాడు. హాలంతా నవ్వింది. ఆవిడ లేచి నిలబడ్డారు. ‘‘కాదండి. నేనున్న చోట మనిషిని అడిగి రాసుకునేవారు. మనమింకా మ్యాపునే అడుగుతున్నాం,’’ అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. కొట్టి, బిర్యానీ వాసన రాగానే లేచిపోయింది. ఆ నవ్వు కంటే నాకు ఆ చప్పట్లే ఎక్కువ రోత పుట్టించాయి.

ఆవిడ పోవడానికి నెల ముందు జాంబియా నుంచి పాత స్నేహితురాళ్ళు ఉత్తరం రాశారు. ఆఫ్రికా దక్షిణ భాగపు దేశాల్లో వైద్యం ఎవరికి అందుతోందో, ఎవరికి అందడం లేదో పరిశోధించి, అందనివాళ్ళ తరఫున అధికారులతో పోట్లాడే పనికి కొత్తవాళ్ళని పిలుస్తున్నారట. తమకిలాగే నీళ్ళ మధ్య ఊళ్ళున్నాయి కాబట్టి కొల్లేరు వాళ్ళూ కలవొచ్చన్నారు. లంక ఆడవాళ్ళ చేతే వాళ్ళ దారి కొలిపించాలని, ఆ కాయితాలతో పడవ డాక్టర్ని మళ్ళీ అడగాలని సిస్టరమ్మ ఆశ. అడ్డమల్లా పాత రిపోర్టులో ఉన్న నా నాలుగు.

‘‘అది తప్పని ఎవరో ఒకరు రాసివ్వాలండి. వేసినవాళ్ళే రాస్తే మంచిది,’’ అన్నారు.

రాస్తానన్నాను. ఉద్యోగం ఏమవుతుందోనని రాయలేదు. టిఫిను డబ్బా మూత పెడుతూ ‘‘రాశారాండీ?’’ అని ఆవిడ రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ‘‘రేపండి’’ అన్నాను. చీటీలు రాసే అమ్మాయిని తిట్టుకున్న నోటితోనే అన్నాను.

ఆవిడ పోయిన కబురు తెలిసిన రోజు స్టేషను నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్ళారు. ఖబరస్తానులో తలా పిడికెడు మట్టి ఇచ్చి వచ్చాం. పొద్దు వాలాక, సందు మొదట్లో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కనిపించారు. మోకాళ్ళదాకా బురద. ముందు నడుస్తున్నది ఆమే, చంకలో దోనెలో పుట్టిన పిల్ల.

‘‘తీసుకెళ్ళిపోయారాండీ?’’ అంది.

‘‘ఎప్పుడో తీసుకెళ్ళారమ్మా,’’ అన్నారు సిస్టరమ్మ చెల్లెలు.

‘‘పొద్దున్నే ఫోనొచ్చిందండి. అప్పుడే బయల్దేరామండి. ఆ గేటు తియ్యలేదండి...’’ అంటూ మెట్టు మీద కూర్చుండిపోయింది. నా వైపు చూసి, నేను అడగకుండానే, ‘‘పూటన్నర పట్టింది బాబూ,’’ అంది. వాళ్ళకి చివరిచూపు దక్కలేదు.

సిస్టరమ్మ సంచీ అరుగు మీదే ఉంది. అందులోంచి ఖాళీ ఫారం ఒకటి తీసి, తిరగేసి, వెనకవైపు రాశాను. ‘ఈ లంకకి నాలుగు కిలోమీటర్లని వేసింది నేను. అక్కడికి వెళ్ళకుండా వేశాను. అది అబద్ధం. వాళ్ళు చెప్పింది పూటన్నర.’ కింద పేరు రాసి సంతకం పెట్టాను. అక్కడే ఫోనుతో ఫోటో తీసి ఆఫీసుకీ, జాంబియాకీ, ఆ సెమినార్ గ్రూపుకీ పంపాను. పెద్దమనిషి చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆఫీసువాళ్ళు సంజాయిషీ అడిగారు. అడగనివ్వండి.

లంకవాళ్ళు వెళ్ళాక సిస్టరమ్మ చెల్లెలు మెట్లు కడగడానికి బకెట్టు తెచ్చారు. తెచ్చి, కాసేపు నిలబడి, కడగకుండానే పక్కన పెట్టేశారు. మెట్ల మీద కొల్లేటి నల్ల బురదలో అడుగుల గుర్తులు ఆరుతున్నాయి. అన్నీ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయి ఉన్నాయి.