కోళ్ళ దాణాలో రాగి

పొద్దున ఆరున్నరకు హిందూపురంలో రైలెక్కాను. విడపనకల్లు దగ్గర పల్లెలో ఉండే మా తమ్ముడు ఓబులేసు ముందురోజు ఫోన్ చేసి, "అక్కా, గొర్రెలు పడిపోతాండాయి. నువ్వొచ్చి పో" అని ఏడ్చాడు. జనరల్ టికెట్టు చాలు, గుంతకల్లు దాకా కూర్చునే వెళ్ళొచ్చు. ధర్మవరంలో చిత్రాన్నం పొట్లం కొన్నాను. ఒకటే ఉప్పు.

గుంతకల్లులో బస్సెక్కాక పక్క సీటు ముసలామె నా సంగతి విని, "ఎవురి దిష్టో తగిలుంటాది. నిమ్మకాయ కట్టమను" అంది. దారి పొడుగునా ఎండిన చేలే. పచ్చగడ్డి పరక లేదు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. దొడ్లో చూడి గొర్రెలు కాళ్ళు చాపి పడున్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి, ఉచ్చ డికాషన్ రంగులో పడుతోంది. పశువుల డాక్టరమ్మ అప్పటికే వచ్చి, "ఏం మేపినావప్పా?" అని తమ్ముణ్ణి అడుగుతోంది.

వాడు పక్కనున్న బ్రాయిలర్ షెడ్డులో కూలికి పోతాడు. కోళ్ళు లారీ ఎక్కాక కింద రాలిన దాణా ఊడ్చి, చేటతో చెరిగి, దాణా ఖాళీ సంచుల్లోనే పోసుకుని ఇంటికి తెచ్చేవాడు. గింజ పారేస్తే పాపమని మా నాయన నేర్పిన బుద్ధి. అందులోనూ బలమని చూడి గొర్రెలకే ఎక్కువ పెట్టాడు.

"కోడి బాగా పెరగల్లని దాణాలో రాగి కలుపుతారు, రాగులు గాదు, చెంబులు చేసే రాగి," అంది డాక్టరమ్మ. "కోడికేం కాదు. గొర్రెకు మాత్రం కార్జంలో పేరుకుంటాది. నెలలు బాగానే ఉండి ఒక్కసారిగా పడిపోతాది. దాణా ఇప్పుడే ఆపేయ్, కొన్నన్నా దక్కుతాయి."

"నా చేత్తో నేనే పెట్టినానక్కా," అని ఓబులేసు కూలబడ్డాడు. ఈ మాట ముందే ఎవరూ చెప్పనందుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం షెడ్డు చూడ్డానికి దాణా కంపెనీ సూపర్‌వైజరు బైకు మీద వచ్చాడు. ఖాళీ సంచి తీసుకుపోయి అతని ముందు పడేశాను. దానిమీద కోడి బొమ్మ, కింద అంతా ఇంగ్లీషు.

"గొర్రెలకు పెట్టొద్దని తెలుగులో ఒక్క ముక్క రాసేదానికి మీకేం రోగం?"

"మేం కోళ్ళకని ఇచ్చినాం గదక్కా."

"గొర్రెకు పడదని నీకు తెల్సా, తెల్దా?"

"తెల్సు. ఎవురూ అడగల్యా," అన్నాడు బైకు తిప్పుకుంటూ.

అడగాలట! తెలియనివాడు ఏమని అడుగుతాడు? తెలిసినవాడు నోరు మూసుకుంటే తెలియనివాడి కొంప మునగాలా?

మర్నాటికి చూడి గొర్రెల్లో ఒక్కటే మిగిలింది. తమ్ముడు దాని పక్కనుంచి కదల్లేదు. నేను మధ్యాహ్నం బస్సుకు బయల్దేరాను. నడిదారిలో ఒకాయన అదే కోడి బొమ్మ సంచితో ఎక్కి నా ముందు కూర్చున్నాడు.

"గొర్రెలకేనా అన్నా?"

"ఇంగెవురికి?"

జరిగిందంతా బస్సంతా వినేలా చెప్పాను. ఆయన సంచిని కాలితో పక్కకు నెట్టాడు. "మరేం పెట్టల్లమ్మా? గడ్డి యాడుండాది?" అన్నాడు.

తన ఊరు రాగానే ఆయన ఉత్త చేతులతో దిగిపోయాడు. "సంచి మరిచినావప్పా!" అని కండక్టరు అరిచాడు. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆయన మంద ఆ పూట ఏం తిన్నదో గాని, రైలెక్కినా నా కోపం చల్లారలేదు. మీరూ ఆ దారిన వెళితే, గొర్రెల దొడ్లో కోడి బొమ్మ సంచి కనిపిస్తే, బస్సు పోతే పోయిందని దిగి చెప్పండి. ఎవరో అడిగేదాకా ఆగకండి.