ముట్టుకోవద్దనే హెడ్మాస్టరు

మా ఉదయగిరి బడి హెడ్మాస్టరు ఓ మాఘమాసంలో పిల్లల్ని ప్రకృతి పాఠానికని కొండ కిందికి తీసుకెళ్ళారు. టీచరుగా నేనూ వెంట ఉన్నాను. మోదుగుపూలు, చీమలపుట్ట, రాలిన ఆకులు, ఏది కనిపించినా ఆయన చెప్పే పాఠం ఒక్కటే: "ముట్టుకోవద్దు!"

అక్కడ ఓ గొర్రె ఈనలేక అరుస్తోంది. గొర్రెలకాపరి కూతురు, మా ఐదో తరగతి అమ్మాయి, దాని దగ్గరికి పరుగెత్తింది.

"ముట్టుకోవద్దు పాపా, క్రిములుంటాయి!"

"లోపల పిల్ల కాలు మడుచుకుపోయుండాది సార్. తియ్యకుంటే రెండూ చస్తాయి. మీరు తల పట్టుకోండి."

ఆయన తన తల పట్టుకున్నారు.

"మీది కాదు సార్, గొర్రెది!"

తెల్లప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని పట్టుకున్నారు. ఆ అమ్మాయి లోపలి కాలు సరిచేసి లాగగానే గొర్రెపిల్ల జారి బయటపడి తుమ్మింది. ఆయనే జేబురుమాలుతో దాని మూతి తుడిచారు.

సాయంత్రం రిపోర్టులో 'పాఠం చెప్పినవారు' అన్నచోట ఆ అమ్మాయి పేరు రాసి, కింద సంతకం పెట్టారు.